ఊపిరి వినబడని పరుగు

ఆ పిల్ల పరుగెత్తుతుంటే ఊపిరి వినబడేది కాదు. ఆ సంగతి మొదట గమనించింది నేనే. ముదిగుబ్బ దగ్గరి ఒక హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పదిహేనేళ్ళుగా పిల్లలను పరుగెత్తిస్తున్నాను కాబట్టి ఎవరు ఎంత అలిసిపోయారో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆరో చుట్టుకు వచ్చేసరికి ఎంత గట్టి పిల్లయినా బుసలు కొడుతుంది. ఈమె నా పక్కనుంచి పోయినప్పుడు మాత్రం ఉత్త కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడామె తొమ్మిదో తరగతి. నోరు మూసుకుని, చక్కెర పొట్లం తేవడానికి అంగడికి పోతున్నట్టు పోయింది.

నేనూ ఒకప్పుడు పరుగెత్తినదాన్నే. పదిహేను వందల మీటర్లలో జిల్లాకు మూడో స్థానం, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నేను పరుగెత్తితే మూడు వీధుల అవతలికి వినబడుతుందని మా అమ్మ ఎగతాళి చేసేది. చివరి వంద మీటర్లలో నోట్లోకి రక్తం రుచి వచ్చేది. గీత దాటి, మట్టిలో పడి, వాంతి చేసుకునేదాన్ని. కష్టమంటే అట్లాగే ఉంటుందని, అట్లా కనబడితేనే అది కష్టమని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకమే తర్వాత ఆ పిల్ల కొంప ముంచింది.

వాళ్ళది గొర్రెలు మేపే కుటుంబం. వానలు మొహం చాటేసిన ఏడు మందను తోలుకుని కళ్యాణదుర్గం వైపు పోతారు. పొద్దుగూకితే ఒక రైతు చేనులో వల చుట్టి మందను నిలుపుతారు. చేనుకు ఎరువవుతుంది, రైతు గింజలిస్తాడు. రెండు మూడు రోజులకు ఇంకో చేను, ఇంకో రైతు. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ చేసింది అదే. బడికి వచ్చే రోజుల్లో కూడా పొద్దున్నే మంద దగ్గర పని ముగించుకుని, అక్కడినుంచి పరుగెత్తుకుంటూ గంట కొట్టే వేళకు వచ్చేది.

ఆరేళ్ళు ఆమెను నేనే తయారు చేశాను. చదువు అనంతపురం కాలేజీకి, హాస్టలుకు మారినా సెలవు దొరికితే నా గ్రౌండుకే వచ్చేది. ఐదు వేల మీటర్లు, తర్వాత పది వేల మీటర్లు. జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది. ఒక పెద్ద ఊళ్ళో జరిగిన జాతీయ పోటీలో పదివేల మీటర్లలో మొదట వచ్చింది. గీత దాటాక మిగతా ఆడపిల్లలు ట్రాక్ మీద వెల్లకిలా పడి ఎగశ్వాస తీస్తుంటే, ఈమె తాపీగా వెనక్కి నడిచి, చెప్పులు ఎక్కడ విడిచానా అని వెతుక్కుంది. ఎవరో దాన్ని ఫోన్లో తీశారు. చెప్పులు వెతుక్కునే ఆ కాస్త వీడియో ఊరూరూ తిరిగింది.

ఆ వీడియో కింద జనం రాసిన మాటలు మొదట్లో నేను కూర్చుని చదివేదాన్ని. మనిషా, మరబొమ్మా అని ఒకరు. ఏ సూది వేసుకుందో కనుక్కోండని ఇంకొకరు. తర్వాతి పోటీలో టీ కొట్టు దగ్గర పక్క జిల్లా కోచ్ ఒకాయన నవ్వుతూ దగ్గరికొచ్చి, "ఏం మేడం, ఏం పెడ్తాండారు ఆ పిల్లకి? మాగ్గూడా రోంత చెప్పకూడదా?" అన్నాడు. నా నోరు ఊరుకునేది కాదు. మీరు పొద్దున నిద్ర లేవడం నేర్చుకోండి, మీ పిల్లలూ గెలుస్తారు అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, నిప్పు లేనిదే పొగ రాదు కదా మేడం అని గ్లాసు పెట్టేసి పోయాడు.

నవ్వినా ఆ మాట నా లోపలికి దిగింది. దిగకుండా ఎట్లా ఉంటుంది? మేము చప్పట్లు కొట్టిన ఎందరో తర్వాత నిషేధించిన మందులు వాడి దొరికిపోయారు. ఒకామె ఫొటో నేనే పేపర్లోంచి కత్తిరించి స్కూల్లో స్పోర్ట్స్ గది తలుపుకు అతికించాను. ఏడాది తిరక్కుండా ఆమె పతకం వెనక్కి తీసుకున్నారు. గోళ్ళతో గీకి ఆ ఫొటో పీకాల్సి వచ్చింది. ఈ ఆటలో ఎక్కువ కాలం ఉంటే మనిషికి సులువుగా వచ్చినదేదీ నిజమనిపించదు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. ధర్మవరంలో ఆయన పట్టుచీరలు నేసేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి ఇరవై రోజులు గుంటమగ్గంలో కూర్చుని ఒక చీర నేశాడు. ఎక్కడా ఒక్క పోగు ఎగుడుదిగుడు లేదు. వ్యాపారి దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి, వెనక్కి తోశాడు. మరమగ్గం చీరను తెచ్చి నాకు అంటగడుతున్నావన్నాడు. నాయన పిల్లల మీద ఒట్టు పెట్టాడు. "చేత్తో నేసింటే యాడో ఒకచోట చెయ్యి కనపడల్ల కదప్పా" అన్నాడు వ్యాపారి. నాయన చీరను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత నేసిన ప్రతి చీరలో అంచు దగ్గర కావాలనే ఒక పోగు వదులుగా వదిలేవాడు. వ్యాపారి సరిగ్గా అక్కడే వేలు పెట్టి, తృప్తిగా తలాడించి, చీర తీసుకునేవాడు. ఇదంతా నా కళ్ళతో చూసినదాన్ని. చూసి ఏం నేర్చుకున్నాను, నా మొహం.

ఆ జాతీయ పోటీ తర్వాత ఆమె పేరు ఒక జాబితాలో చేరింది. అందులో ఉన్నవాళ్ళు ప్రతి రోజూ ఒక గంట ఎక్కడ ఉంటారో ముందే చెప్పాలి. ఆ గంటలో చెప్పాపెట్టకుండా వచ్చి మూత్రమో రక్తమో మందుల పరీక్షకు తీసుకుపోతారు. వచ్చినప్పుడు మనిషి అక్కడ లేకపోతే ఒక తప్పు. పన్నెండు నెలల్లో మూడు తప్పులైతే, మందు తిన్నట్టు తేలకపోయినా నిషేధమే. ఫోన్లో నింపాల్సినదంతా ఇంగ్లీషులో ఉంటుంది, ఆమెకు భయం. నేనే నింపుతాలే అన్నాను. హాస్టల్లో ఉన్నన్నాళ్ళు ఇబ్బంది లేదు. నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ ఇచ్చింది, ఏమీ లేదని తేలింది.

ఆ ఏడు వేరుశనగ చేలల్లోనే మాడిపోయింది. వాళ్ళ నాయన గట్టు మీదనుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంద వెంట పోవడానికి వాళ్ళమ్మ, ఈ పిల్ల తప్ప ఎవరూ లేరు. రెండు నెలలే మేడం అంటూ కాలేజీకి సెలవు పెట్టి కళ్యాణదుర్గం వైపు పోయింది. ఫోనేమో ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ అడుగుతుంది. ఇవాళ ఈ చేను, ఎల్లుండి ఆ చేను, దేనికి నంబరు రాయను? ఏదో ఒక ఊరి పేరు, రైతు పేరు రాసి పెట్టాను. ఆ రైతు బోరు ఎండిపోయి, గొర్రెలకు నీళ్ళు లేక, మంద రెండు రోజుల ముందే కదిలింది. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు చేనులో పెంటికలు తప్ప ఏమీ దొరకలేదు. రెండోసారి ఆమె కొత్త చోటు చెప్పడానికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కింది. నా ఫోన్ గదిలో ఛార్జింగుకు పెట్టి ఉంది, నేను వంటింట్లో ఉన్నాను. చూసుకుని మార్చేసరికి ఆలస్యమైపోయింది, అట్లా రెండు తప్పులు పడ్డాయి.

గట్టిగా ఒక ఉత్తరం వచ్చింది. ఎవరు నింపినా బాధ్యత పరుగెత్తే మనిషిదేనని అందులో రాశారు. అప్పుడు నేను పట్టుబట్టి మందను మా ఊరి దగ్గరికి రప్పించాను. ఇక్కడ మేత యాడుండాదని వాళ్ళమ్మ గొణిగింది. అయినా తెచ్చి, స్కూలుకు రెండు కిలోమీటర్ల అవతల ఒక చేనులో నిలిపారు. రోజూ పొద్దున ఆరునుంచి ఏడు దాకా స్కూలు గ్రౌండులో ఉంటుందని రాశాను. ఆ పిల్లను కూర్చోబెట్టి ఇంకొకటి కూడా చెప్పాను. మందు అనే పేరున్నది ఏదీ ముట్టొద్దు, జలుబు బిళ్ళ గానీ, దగ్గు మందు గానీ, సూది గానీ. ముట్టావని తెలిస్తే కాళ్ళు విరగ్గొడతా అన్నాను. బుద్ధిగా తల ఊపింది.

ఒక ఆదివారం సాయంత్రం ఆ ఉత్తరానికి రాసిన జవాబు మీద సంతకం కోసం మంద దగ్గరికి పోయాను. వల పక్కన కూర్చుని ఉంది. పక్కనే గుడ్డసంచి, దాని మూతి తెరుచుకుని ఉంది. లోపల ఒక సిరంజి, చీటీ సగం చిరిగిన ఒక చిన్న గాజు సీసా. నేను చూడడం ఆమె చూసింది. సంచిని మెల్లగా లాగి తొడ కిందికి నెట్టుకుంది.

నేను నోరున్నదాన్ని. నా కేకకు గ్రౌండు అవతలి పిల్లలు కూడా ఆగిపోతారు. ఆ సాయంత్రం ఒక్క ప్రశ్న కూడా నా నోట్లోంచి రాలేదు. అడిగితే ఔనంటుందేమోనని భయం. సంతకం చేయించుకుని, వాళ్ళమ్మ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత ప్రాక్టీసులో ఆమె ఎప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తింది. ఆగీ ఆగగానే గ్రౌండు ఊడ్చే ఆమెతో కబుర్లలో పడింది. చేతిలో గడియారం చూసుకుంటే నాకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్పాలి. లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. అయితే నేను చేతకానిదాన్ని కాదన్నమాట, ఆమెకు మందుంది, నాకు లేకపోయింది, అంతే తేడా అనుకున్నాను. ఒక ముసలి అసూయ అన్నేళ్ళూ నాలో అట్లా కూర్చుని ఉందని నాకే తెలియదు.

ఆ తర్వాతి వారం, సరిగ్గా ఆరు గంటలకు ఇద్దరు వచ్చారు. నలభై ఏళ్ళావిడ ఒకరు, సంచీ మోస్తున్న మనిషి ఒకరు. పరీక్షకు వచ్చినవాళ్ళని చూడగానే తెలిసింది. ఆ పిల్ల ఇంకా రాలేదు. ఆవిడ వేపచెట్టు కింద బండ మీద కూర్చుని గడియారం చూసుకుంటోంది. ఆరున్నర అయింది. నేను పోయి దారిలో చూసొస్తానన్నాను. తాను అక్కడినుంచి కదలకూడదని, మీరు చూసిరండని ఆవిడ మర్యాదగానే చెప్పింది.

స్కూలు వెనక కూలిన గోడ దాటితే కాలిబాట, బాట మీద ఒక కల్వర్టు. నేను అక్కడికి చేరేసరికి ఆ పిల్ల పరుగెత్తుతూ ఎదురొచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము, చేతికి నెత్తురు మరక. "గొర్రి ఈనె మేడం, అందుకే లేటైపాయ" అని చెయ్యి లంగాకు తుడుచుకుంది. ఇంకా ఇరవై ఐదు నిమిషాల టైముంది. నూరడుగులు వేస్తే చాలు, ఆమె ఆ చెట్టు కింద ఉంటుంది.

నేను బాటకు అడ్డంగా నిలబడ్డాను. ఈపొద్దు ప్రాక్టీసు లేదు, వెనక్కి పో అన్నాను.

ఎందుకు మేడం అని అడగలేదు. ఏ రోజూ అడిగిన పిల్ల కాదు. తిరిగి అదే బాటన, అదే పరుగుతో పోయింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. తప్పిపోతే తప్పంటారు, దొరికితే దొంగంటారు. మూడో తప్పుకు రెండేళ్ళ నిషేధం, దొంగతనానికి నాలుగేళ్ళు, పైగా బతికినన్నాళ్ళూ మచ్చ. ఆ పిల్లను కాపాడుతున్నానని నేను నిజంగానే అనుకున్నాను. వెనక్కి వచ్చి, ఎక్కడా కనబడలేదని ఆవిడకు చెప్పాను. ఏడు కొట్టగానే ఏదో రాసుకుని ఇద్దరూ లేచి పోయారు.

నోటీసు వచ్చింది. కారణం రాయడానికి కొన్ని రోజులు గడువిచ్చారు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చుంది. కాగితం మీద ఉన్న తేదీని వేలితో చూపించింది.

"ఆ పొద్దు వాళ్ళు వచ్చిండారని మీకు తెలుసునా మేడం?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. తెలుసన్నాను.

"మరి నన్నెందుకు పొమ్మన్నారు?"

సంచిలో సూది చూశానని చెప్పాను. ఏ సూదా అని ఆమె కళ్ళు చిట్లించి ఆలోచించింది. నేను ఏమనుకున్నానో అర్థమయ్యాక నా వైపు చూడలేదు, వీధిలోకి చూస్తూ మాట్లాడింది.

"అది గొర్రెలకి మేడం. చిటుక రోగం వస్తాదని మందకంతా నేనే సూదులేసినా. సూది ముట్టుకుంటే కాళ్ళిరగ్గొడ్తానంటిరి కదా, అందుకే దాపెట్టినా." నోటీసు మడుస్తూ, "అడిగింటే చెప్పింటా కదా మేడం" అంది.

గొర్రెల కాపరులు మందకు సూదులు తామే వేసుకుంటారని ముదిగుబ్బలో పసిపిల్లకు కూడా తెలుసు. నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, పట్టు తెలుసు గానీ గొర్రె తెలియదు. అన్నేళ్ళు ఆ పిల్లల మధ్యే బతికి ఆ మాత్రం కనుక్కోలేదు. మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను. ఉన్నదున్నట్టు రాస్తానన్నాను. నువ్వు టైముకు వచ్చావని, వెనక్కి పంపింది నేనేనని రాస్తా, నా ఉద్యోగం పోతే పోనీ అన్నాను. లోపలికి పోయి కాగితం, పెన్ను తెచ్చి రాయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఎందుకు పంపిచ్చినావని అడుగుతారు కదా మేడం. ఏం రాస్తారు?"

నేను పెన్నుకు మూత పెట్టాను.

"అనుమానమొచ్చి పంపిచ్చినా అని రాస్తారా? ఆరేండ్లు పక్కనుండి చూసిన మేడమే నమ్మలేదంటే ఇంగ ఎవురు నమ్ముతారు?"

ఆ కాగితం మడిచి పక్కన పెట్టాను. ఇద్దరం కలిసి గొర్రె ఈనిన సంగతి మాత్రం రాసి పంపాం. వాళ్ళు చదివారు, విచారం వెలిబుచ్చారు, రెండేళ్ళు నిషేధించారు. జిల్లా పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని టీ కొట్ల దగ్గర అనుకున్నారు. మందు తిననిది ఎందుకు తప్పించుకుంటుందని నన్నే అడిగినవాళ్ళున్నారు. నా రెండు వాక్యాల కాగితం ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది.

కాలేజీలో స్పోర్ట్స్ సీటు పోయింది, హాస్టలూ పోయింది. ఆమె నా దగ్గరికి రాలేదు, నాకు పోవడానికి మొహం లేదు. ఒకసారి కళ్యాణదుర్గం బస్సులో పోతుంటే గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. మంద వెనక ఆమె. కిటికీలో నన్ను చూసి చెయ్యెత్తింది. డ్రైవరు హారన్ కొడుతుంటే గొర్రెలను పక్కకు అదిలించింది, బస్సు కదిలింది.

రెండేళ్ళు నిండిన వారంలో ఒక పొద్దున గ్రౌండుకు వచ్చింది. మళ్ళీ పరుగెత్తల్ల మేడం అంటూ చెప్పులు విడిచింది. ఐదు నెలలు పరుగెత్తించాను. అదే పరుగు, అదే మూసిన నోరు. నా పక్కనుంచి పోతే కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చేది, అటు తిరిగి నిలబడేదాన్ని.

పోయిన ఏడాది రాష్ట్ర పోటీల్లో పది వేల మీటర్లు. ట్రాక్ చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను వేలితో చూపించుకున్నారు, ఆ పిల్లే, ఆ పిల్లే అని. ఇరవైనాలుగు చుట్లు ఎప్పటిలాగే పరుగెత్తింది, ముందు ఉంది. చివరి చుట్టులో ఉన్నట్టుండి నోరు తెరిచింది. భుజాలు ఊగాయి, తల పక్కకు వాలింది, చేతులు అడ్డదిడ్డంగా ఆడాయి. కండరం పట్టేసిందనుకుని నీళ్ళ సీసా అందుకున్నాను. వెనకనున్న అమ్మాయి దాటిపోయింది. ఈమె రెండోదిగా గీత దాటి, రెండడుగులు తూలి, మోకాళ్ళ మీద పడి, అట్లాగే వెల్లకిలా ఒరిగిపోయింది.

చప్పట్లు మోగాయి. మొదటి స్థానంలో వచ్చిన రోజుల్లో ఒక్కనాడూ ఆమెకు అట్లా చప్పట్లు కొట్టలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్న ఆ కోచ్ కూడా నా పక్కనే ఉన్నాడు. పాపం, ఎంత కష్టపడె మేడం అని కళ్ళు తుడుచుకున్నాడు.

నేను నీళ్ళ సీసాతో పరుగెత్తి, తల ఒళ్ళోకి తీసుకున్నాను. చెవి ఆమె నోటి దగ్గరికి పోయింది. నోరు తెరిచే ఉంది, ఎద ఎగిరెగిరి పడుతోంది. ఊపిరి చప్పుడు లేదు. అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకుంటే నాడి అప్పుడే నెమ్మదించింది. ఆమె ఒక కన్ను కాస్త తెరిచింది.

"ఇంత చాల్నా మేడం?"

తలెత్తి చూశాను. అందరూ ఇంకా మావైపే చూస్తున్నారు. ఇంకాసేపు అట్లాగే పడుకో అన్నాను.